పాత నంబర్ ప్లేట్ల కేటలాగు: ఏ క్రమం, ఏ సాధనం, ఏ ఆధారం ఎంచుకోవాలి?

పాత వాహనాల నంబర్ ప్లేట్లు పదీ పదిహేనూ ఉన్నంతకాలం సేకర్తకు జ్ఞాపకమే కేటలాగు. ఏ ప్లేటు ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, అమ్మినవారు దాన్ని ఏ సంవత్సరానిదని చెప్పారు అన్నవన్నీ నోటికి వచ్చే ఉంటాయి. సంఖ్య వందకు చేరేసరికి ఒకే రంగు, ఒకే కొలత గల రేకులు నాలుగైదు పోగవుతాయి, వాటిలో దేన్ని ఏ ఆధారంతో ఏ సంవత్సరానికి చేర్చామో గుర్తుండదు. కేటలాగు ఆలోచన అప్పుడే వస్తుంది, దానితోపాటు ఎంపికల చిక్కూ వస్తుంది. ప్లేట్లను ఏ వరుసలో పెట్టాలి, వివరాలను దేనిలో రాయాలి, కాలనిర్ణయానికి ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలి, ఫొటో తీయాలా స్కాన్ చేయాలా అన్న ప్రశ్నల్లో ప్రతిదానికీ రెండు మూడు జవాబులున్నాయి, అన్నీ అందరికీ సరిపడవు.

ఈ మార్గాలను పోల్చడానికి ఇక్కడ వాడిన కొలబద్ద ఒక్కటే. ప్లేటు మీద కంటికి కనిపించే సంగతిని, దాన్నిబట్టి మనం చేసుకున్న నిర్ణయాన్ని వేర్వేరుగా నమోదు చేయనిచ్చే పద్ధతి మంచిది. రెండింటినీ ఒకే మాటలో కలిపేసే పద్ధతి ఎంత సులువుగా ఉన్నా, కొన్నేళ్ల తరువాత దానిలోని తప్పును వెతికి దిద్దుకోవడం దాదాపు అసాధ్యమవుతుంది. "1917 కాలిఫోర్నియా" అని రాసి వదిలేసిన కార్డు చూసినవారికి ఆ సంవత్సరం రేకు మీద అచ్చయి ఉందో, రాసినవారు ఊహించారో ఎలా తెలుస్తుంది?

నంబరు పాతదా, రేకు పాతదా

ఏ పద్ధతిని ఎంచుకునే ముందైనా మీ దగ్గరున్న ప్లేట్లు ఎలాంటి రిజిస్ట్రేషన్ వ్యవస్థ నుంచి వచ్చాయో చూసుకోవాలి. స్థూలంగా ఇవి రెండు దారుల్లో నడిచాయి. మొదటి దారిలో అధికారులు వాహనానికి నంబరును మాత్రమే కేటాయిస్తారు, దాన్ని రేకు మీద వేయించుకునే పని యజమానిది. రెండో దారిలో ప్రభుత్వమే ప్లేటును తయారుచేయించి చేతికిస్తుంది, ఒకప్పుడు చాలాచోట్ల ఏటేటా కొత్తదాన్నే ఇచ్చేది.

మొదటి దారికి బ్రిటన్ మంచి ఉదాహరణ. 1903 నాటి మోటార్ కార్ చట్టంతో 1904 జనవరి 1 నుంచి అక్కడ నంబర్లు తప్పనిసరి అయ్యాయి. నంబరు వాహనంతోపాటే ఉంటుంది కాని, ప్లేటు విరిగినా వంగినా యజమాని మరొకటి చేయించుకుంటాడు. అందువల్ల 1930లలో కేటాయించిన నంబరు గల రేకు 1950లలో తయారైనది కావచ్చు, 1980లలో తయారైనదీ కావచ్చు. 1973 నుంచి కొత్త వాహనాలకు ముందు తెలుపు, వెనుక పసుపు ప్రతిఫలన ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. యుద్ధానికి ముందటి నంబరు ఒకటి అలాంటి పసుపు ప్లేటు మీద కనిపిస్తే, నంబరు నిజంగా పాతదే, రేకు మాత్రం కాదు. భారతదేశంలోనూ కొత్త వాహనాలకు 2019 ఏప్రిల్ నుంచి అధిక భద్రతా ప్లేట్లు తప్పనిసరి అయ్యేదాకా నంబరు వేయించుకోవడం ఎక్కువగా యజమాని పనిగానే ఉండేది. కాబట్టి పాత ప్లేట్లలో ప్రతిదానికీ పెయింటరు చేతివాటం వేరుగా కనిపిస్తుంది.

రెండో దారికి అమెరికా రాష్ట్రాలు ఉదాహరణ, అయితే అక్కడా మొదట్లో వ్యవహారం ఇలా లేదు. రిజిస్ట్రేషన్‌ను మొదట కోరిన న్యూయార్క్ రాష్ట్రం 1901లో ప్లేటు ఇవ్వలేదు. యజమానులు తమ పేరులోని పొడి అక్షరాలను తోలు ముక్కల మీదో, చెక్క మీదో తామే బిగించుకున్నారు. ప్రభుత్వమే ప్లేటు ఇవ్వడం 1903లో మసాచుసెట్స్‌తో మొదలయింది, అవి పింగాణీ పూత వేసిన ఇనుప రేకులు. తరువాతి దశాబ్దాల్లో సంవత్సరాన్ని రేకు మీదే ముద్రించడం అలవాటయింది. అలాంటి ప్లేటుకు కాలనిర్ణయం అక్కరలేదు, కాని ఆ సౌకర్యానికి అలవాటుపడిన సేకర్త సంవత్సరం లేని ప్లేటు విషయంలోనూ అంతే ధైర్యంగా ఒక అంకె రాసేస్తాడు. పొరపాట్లు ఎక్కువగా అక్కడే పుడతాయి.

దీన్నిబట్టి మొదటి సలహా ఇది. మీ సేకరణ మొదటి రకం దేశాలదైతే, నంబరు కేటాయించిన కాలానికి ఒక గడి, రేకు తయారైన కాలానికి మరొక గడి లేని ఏ పద్ధతినీ ఎంచుకోవద్దు. రెండో రకానిదైతే ఒకే గడి సరిపోతుందనిపిస్తుంది కాని, అక్కడ కూడా "ఎప్పటి నుంచి", "ఎప్పటి వరకు" అని రెండు గడులు పెట్టుకోవడం మేలు. కచ్చితంగా తెలిసిన సంవత్సరమైతే రెండింటిలోనూ అదే అంకె రాస్తే చాలు.

వరుస: సంవత్సరమా, ప్రాంతమా, రకమా

సేకర్తలలో ఎక్కువమంది ఒక ప్రాంతాన్ని తీసుకుని అక్కడ విడుదలైన ప్లేట్లను సంవత్సరాల వారీగా పూరిస్తూ పోతారు. ఖాళీ ఎక్కడుందో వెంటనే కనిపిస్తుంది కాబట్టి ఈ వరుసలో ఒక తృప్తి ఉంది. ఏటేటా ప్లేటు మార్చిన ప్రాంతాలకు ఇది చక్కగా నప్పుతుంది. కాని రెండో ప్రపంచయుద్ధ కాలంలో లోహపు కొరత వచ్చి చాలాచోట్ల పాత ప్లేటు మీదే కొత్త సంవత్సరాన్ని చూపే చిన్న రేకు ముక్కను బిగించడం, అద్దానికి స్టిక్కర్ అంటించడం, రెండు ప్లేట్లకు బదులు ఒకటే ఇవ్వడం జరిగింది. ఇల్లినాయ్ రాష్ట్రమైతే 1943 నుంచి కొన్నేళ్లపాటు సోయా చిక్కుళ్లతో చేసిన అట్టలాంటి పదార్థంతో ప్లేట్లు ఇచ్చింది. సంవత్సరాల వరుసను గుడ్డిగా అనుసరిస్తే, ఆ ఏడాది అసలు ప్లేటే విడుదల కాలేదని తెలియక లేనిదాని కోసం వెతుకుతూ ఉండవలసి వస్తుంది.

ఒక్కో దేశానికో, రాష్ట్రానికో ఒక్కొక్క ప్లేటు చొప్పున సేకరించేవారికి ప్రాంతాల వారీ వరుస సహజం. దీనిలో చిక్కంతా పేర్లది. 1906లో మొదలైన జర్మనీ వ్యవస్థలో రోమన్ అంకె ఒకటి ప్రష్యాకు, రెండు బవేరియాకు గుర్తు. రోమన్ ఒకటి పక్కన ఇంగ్లీషు "ఏ" అక్షరం ఉంటే బెర్లిన్, రోమన్ రెండు పక్కన అదే అక్షరం ఉంటే మ్యూనిక్. ప్రష్యా ఇప్పుడు లేదు, అప్పటి ప్రష్యా జిల్లాల్లో కొన్ని నేడు ఇతర దేశాల్లో ఉన్నాయి. అలాంటి ప్లేటును "జర్మనీ" కింద పెట్టాలా, నేటి దేశం కింద పెట్టాలా? కేటలాగులో ప్లేటు ఇచ్చిన అధికారానికి ఆనాటి పేరును ఒక గడిలో, నేడు ఆ ప్రాంతం ఉన్న దేశాన్ని మరొక గడిలో రాస్తే ఈ వాదన అక్కడితో తీరిపోతుంది. కెనడా ఉత్తర ప్రాంతాల ధ్రువపు ఎలుగుబంటి ఆకారపు ప్లేటు దీనికి మరో కోణం. 1970లో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రవేశపెట్టిన ఆ ఆకారాన్ని 1999లో విడివడిన నునావుట్ కూడా 2012 వరకు వాడింది. ఆకారాన్ని చూసి ప్రాంతాన్ని రాసేవారికి ఇది మంచి హెచ్చరిక.

మూడో వరుస రకాన్నిబట్టి ఉంటుంది: మోటార్ సైకిళ్లవి, దౌత్య వాహనాలవి, అమ్మకందారుల తాత్కాలిక ప్లేట్లు, సైన్యపు ప్లేట్లు వగైరా. విషయం లోతుగా తెలిసినవారికి ఇదే ఎక్కువ ఆసక్తికరం, కొత్తవారికి మాత్రం కష్టం. రకాన్ని గుర్తించాలంటే ఆయా ప్రాంతంలోని అక్షరాల కోడ్‌లు ముందే తెలిసి ఉండాలి.

నా సలహా ఏమిటంటే, గోడ మీదా పెట్టెలోనూ మీకు నచ్చిన వరుసనే పెట్టుకోండి, కేటలాగు సంఖ్యను మాత్రం ఏ వరుసకూ కట్టివేయవద్దు. ప్రాంతం, సంవత్సరం కలిపి కట్టిన సంఖ్య చూడటానికి ముచ్చటగా ఉంటుంది కాని, కాలనిర్ణయం మారిన రోజున ఆ సంఖ్యే అబద్ధమైపోతుంది. మ్యూజియంలు చేసినట్లు, వస్తువు చేతికి వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది ఎన్నో విడత, ఆ విడతలో ఎన్నో వస్తువు అన్న మూడు అంకెలతో సంఖ్య కడితే, ప్లేటు గురించి మన అభిప్రాయం ఎన్నిసార్లు మారినా అది మారదు. ఆ సంఖ్యను రేకు మీద సిరాతో రాయకుండా, బోల్టు రంధ్రంలోంచి నూలు దారంతో కట్టిన చిన్న కాగితపు చీటీ మీద రాయాలి. చీటీ కట్టడానికి ఇంత అనువైన రంధ్రం ఉన్న సేకరణ వస్తువులు చాలా తక్కువ.

సాధనం: కార్డు, స్ప్రెడ్‌షీట్, డేటాబేస్

కార్డుల పెట్టె లేదా గట్టి అట్ట నోటుపుస్తకం ఇంకా పనికివచ్చే సాధనమే. కరెంటు పోయినా, కంపెనీ మూతపడినా దానికి ఢోకా లేదు. కొట్టివేసి దిద్దిన రాత కింద పాత అభిప్రాయం కూడా కనిపిస్తూనే ఉంటుంది, కంప్యూటరులో దిద్దిన గడికి సాధారణంగా ఆ గుణం ఉండదు. లోపం వెతుకులాటలో ఉంది. ఎరుపు నేల మీద తెల్ల అక్షరాలున్న ప్లేట్లన్నీ చూపించు అంటే కార్డుల పెట్టె చూపించలేదు. ఒకే ప్రాంతానికి పరిమితమై, రెండు మూడు వందలకు మించని సేకరణకు కార్డులు చాలు. అంతకు మించితే సరిపోవు.

ఎక్కువమంది ఎంచుకునేది స్ప్రెడ్‌షీటు. చాలామందికి అదే సరైన ఎంపిక అని నేనూ అంటాను, కాని నంబర్ ప్లేట్లకు అది చేసే హాని మరే సేకరణకూ చేయదు. మామూలు అమరికలో 007 అని కొడితే అది ముందున్న సున్నాలను తీసేసి 7గా ఉంచుకుంటుంది, ప్లేటు మీద మాత్రం ఆ సున్నాలు ఒక సిరీస్ పద్ధతికి సాక్ష్యం. 3-12 అని కొడితే తేదీగా మార్చేస్తుంది. అంకెల మధ్య ఇంగ్లీషు "ఈ" అక్షరం ఒక్కటే ఉన్న నంబరును శాస్త్రీయ గణితంలోని ఘాత సంఖ్యగా చదువుకుని చూపించకూడనిదేదో చూపిస్తుంది. ఇవన్నీ నిశ్శబ్దంగా జరుగుతాయి, ఫైలు మూసేశాక అసలు రాత తిరిగి రాదు. అందుకని మొదటి నంబరు నమోదు చేయకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని "పాఠ్యం" (టెక్స్ట్) రకానికి మార్చుకోవాలి. ఇతర ప్రోగ్రాముల నుంచి ఫైలు దిగుమతి చేసుకునేటప్పుడు కూడా ఈ జాగ్రత్త మళ్లీ తీసుకోవాలి.

సున్నాకూ ఇంగ్లీషు "ఓ" అక్షరానికీ తేడా ఉన్న ప్రాంతాలున్నాయి, లేని ప్రాంతాలూ ఉన్నాయి. ఒకటి అంకె, "ఐ" అక్షరం సంగతీ అంతే. కొన్ని వ్యవస్థలు ఈ గందరగోళం వల్లనే ఆ అక్షరాలను పూర్తిగా వదిలేశాయి. అందువల్ల నంబరును ఒక గడిలో కాక రెండు గడుల్లో రాయాలి. మొదటిదానిలో గీతలు, చుక్కలు, ఖాళీలు, నక్షత్రాలు, చిహ్నాలతో సహా రేకు మీద ఉన్నది ఉన్నట్టు. రెండోదానిలో అవేవీ లేకుండా వెతకడానికి వీలైన రూపంలో. అరబ్ దేశాల ప్లేట్లలా రెండు లిపుల్లో అంకెలున్న చోట ఈ విభజన ఇంకా అవసరం.

స్ప్రెడ్‌షీటులో ఏ గడులు ఉండాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు, కాని వాటిని రెండు గుంపులుగా విడదీసి, రెండో గుంపుకు వేరే రంగు వేసుకోవడం నా దృష్టిలో అత్యవసరం. మొదటి గుంపు చూసినది: రేకు మీది రాత, అక్షరాల రంగు, నేల రంగు, పదార్థం, మిల్లీమీటర్లలో కొలతలు, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయా చదునుగా ఉన్నాయా, రంధ్రాల స్థానం, వెనుకవైపు ముద్రలు, అంటుకుని మిగిలిన స్టిక్కర్లు. రెండో గుంపు నిర్ణయించినది: ఇచ్చిన అధికారం, వాహన రకం, కాలపు రెండు హద్దులు, ఆ నిర్ణయానికి ఆధారం, దాని మీద మీకున్న నమ్మకం ఎంత. ఈ చివరి రెండు గడులను చాలామంది పెట్టుకోరు. పెట్టుకున్నవారు పదేళ్ల తరువాత తమ కేటలాగును తామే నమ్మగలుగుతారు.

డేటాబేస్ అవసరం ఎప్పుడంటే, ఒక ప్లేటుకు సంబంధించిన విషయాలు ఒకే వరుసలో ఇమడనప్పుడు. ఒకే ప్లేటు మీద ఏడు సంవత్సరాల స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి ఉండవచ్చు. ముందు, వెనుక ప్లేట్లు జతగా ఉండవచ్చు. అప్పుడు రెండు వస్తువులకు రెండు సంఖ్యలు ఇచ్చి, అవి జత అని వేరుగా నమోదు చేయాలి. లేకపోతే ఒకటి చేయి మారిన రోజున రికార్డు తప్పుతుంది. ఒక్కో ప్లేటుకు నాలుగైదు ఫొటోలు, రెండు మూడు ఉత్తరాలు, ఒక పాత రిజిస్ట్రేషన్ కాగితం ఉండవచ్చు. ఇలాంటివి సేకరణలో ఎక్కువగా ఉంటే లిబ్రేఆఫీస్ బేస్ వంటి ఉచిత సాధనంతో మూడు పట్టికలు కట్టుకోవడం శ్రమకు తగిన పని. మ్యూజియంల కోసం తయారైన కలెక్టివ్‌యాక్సెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా సమర్థమైనది కాని, దాన్ని నడపడానికి సర్వరు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. క్లబ్బుకో సంస్థకో తగినది, ఒంటరి సేకర్తకు భారం.

ఫోనులో పనిచేసే సేకరణ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వివరాలన్నిటినీ సాదా పాఠ్య పట్టికగా బయటకు తీసుకునే సౌకర్యం ఉంటే వాడవచ్చు, లేకపోతే వద్దు.

ఆధారం: దేన్ని ఎంతవరకు నమ్మాలి

పరిశోధనలో అసలు పని ఇక్కడే ఉంది. ఆధారాలు నాలుగైదు రకాలు. వాటిని మంచి, చెడు అని విడదీయడం కంటే ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో, ఏ ప్రశ్నకు చెప్పలేదో చూడటం మేలు.

మొదటి సాక్షి ప్లేటే. కొలత దానిలో ముఖ్యమైనది. అమెరికా, కెనడాలలో ప్లేట్ల పరిమాణం ఆరంగుళాల ఎత్తు, పన్నెండు అంగుళాల వెడల్పుకు స్థిరపడింది 1956 ప్రాంతంలోనే. అంతకుముందు ప్రతి ప్రాంతం తన ఇష్టం వచ్చిన కొలతలో చేసేది. కాబట్టి పొడవాటి, ఇరుకైన కారు ప్లేటు అక్కడిదైతే చాలావరకు ఆ మార్పుకు ముందటిది. అక్షరాల ఆకృతి మరొక ఆధారం. ఒక అక్షరాన్ని దిద్ది ఇంకో అక్షరంగా మార్చడానికి వీలులేకుండా రూపొందిన జర్మనీ అక్షర శైలి 1990ల మధ్యలో వాడుకలోకి వచ్చి 2000లో తప్పనిసరి అయింది, ఆ అక్షరాలతో ఉన్న ప్లేటును ఎవరు ఎంత పాతదని చెప్పినా నమ్మనక్కరలేదు. బోల్టు రంధ్రాల చుట్టూ అరుగుదల, చట్రం నీడ పడినచోట తేడాగా మిగిలిన రంగు, వెనుక తుప్పు ఎలా వ్యాపించిందన్నది కూడా రేకు చెప్పే సంగతులే. స్టిక్కర్లు లేని ప్లేటు చెప్పలేనిది ఒకటుంది: అది ఎప్పటి వరకు వాడుకలో ఉంది అన్నది.

సంవత్సరం గుర్తు విడిగా బిగించే ప్లేట్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. కాలిఫోర్నియాలో 1916 నాటి పింగాణీ ప్లేటునే నాలుగేళ్లు వాడి, ఏటేటా ఒక చిన్న లోహపు గుర్తును దానికి బిగించారు. 1916కు ఎలుగుబంటి, 1917కు గసగసాల పువ్వు, 1918కి గంట, 1919కి నక్షత్రం. గుర్తు ఊడిపోయిన ప్లేటుకు మొదటి హద్దు 1916, రెండో హద్దు 1919 అని రాయడం తప్ప, నంబరు ఏ విడతలో ఇచ్చారో వేరే ఆధారం దొరికేదాకా, చేయగలిగింది లేదు. గుర్తు ఉన్నా, అది మొదటి నుంచీ ఆ ప్లేటుకే ఉన్నదా, ఎవరైనా తరువాత తెచ్చి బిగించారా అన్నది రంధ్రపు అంచుల అరుగుదలను, గుర్తు కింద పూత రంగును చూసి వేరుగా రాయాలి.

రెండో సాక్షి చట్టాలు, ప్రభుత్వ గెజెట్లు, శాఖల వార్షిక నివేదికలు. ఒక డిజైను ఎప్పుడు అమలులోకి వచ్చిందో చెప్పడానికి వీటిని మించినవి లేవు. కాని చట్టం చెప్పేది జరగవలసినదాన్ని మాత్రమే. ఉత్తర్వు వచ్చిన తరువాత కూడా పాత రేకుల నిల్వలు అయిపోయేదాకా వాటినే పంచిన కార్యాలయాలు ఎన్నో. బ్రిటన్‌లో సంవత్సరాన్ని సూచించే చివరి అక్షరాన్ని 1963లోనే తెచ్చినా, అన్ని కౌన్సిళ్లూ దాన్ని పాటించడానికి 1965 దాకా పట్టింది. కాబట్టి చట్టం తేదీని మొదటి హద్దుకు వాడండి, రెండో హద్దుకు వాడవద్దు.

మూడోది రిజిస్టర్లు. నంబరు ఏ రోజున ఏ వాహనానికి ఇచ్చారో నేరుగా చెప్పేది ఇదొక్కటే. బ్రిటన్‌లో 1974లో పని స్వాన్సీలోని కేంద్ర కార్యాలయానికి మారేదాకా రిజిస్టర్లను స్థానిక కౌన్సిళ్లే ఉంచుకున్నాయి. తరువాత కొన్ని కౌంటీ ఆర్కైవులకు చేరాయి, కొన్ని నాశనమయ్యాయి. యజమానులు తామే తయారుచేసుకున్న తొలినాటి అమెరికా ప్లేట్లకు రిజిస్టరే దాదాపు ఏకైక దిక్కు, తోలు మీద బిగించిన అంకెలను ఈ వారంలో కూడా బిగించవచ్చు కాబట్టి. రిజిస్టరు దొరకని చోట ఆనాటి స్థానిక పత్రికలను చూడాలి. మోటారు వాహనం వింతగా ఉన్న రోజుల్లో కొత్త రిజిస్ట్రేషన్ల జాబితాలను అవి యజమానుల పేర్లతో సహా అచ్చువేసేవి.

నాలుగోది పాత ఫొటోలు. ఒక డిజైను ఫలానా సంవత్సరానికి వీధుల్లో ఉందని చెప్పడానికి తేదీ గల ఫొటో మంచి సాక్ష్యం. రంగు విషయంలో మాత్రం పాత నలుపు-తెలుపు ఫొటోలు దారుణంగా తప్పుదారి పట్టిస్తాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో విస్తృతంగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు తెలియదు. ఎరుపు నేల మీద తెల్ల అక్షరాల ప్లేటు ఆ ఫొటోలో నలుపు మీద తెలుపుగా కనిపిస్తుంది. నీలం అందుకు విరుద్ధంగా పాలిపోయి, తెలుపుకు దగ్గరగా వస్తుంది. ఫొటో చూసి "నల్ల ప్లేటు" అని రాసుకున్నవి ఎన్నో నిజానికి ఎర్రవి. రంగు గడిలో ఫొటోను ఎప్పుడూ ఆధారంగా చూపవద్దు. సినిమాల్లో కనిపించే ప్లేట్లయితే కళాదర్శకుడి సొత్తు, వాటిని ఏ గడిలోనూ వాడవద్దు.

ఐదోది తోటి సేకర్తల జ్ఞానం. అమెరికాలో 1954లో ఏర్పడిన ఆటోమొబైల్ లైసెన్స్ ప్లేట్ కలెక్టర్స్ అసోసియేషన్, యూరప్‌లో యూరోప్లేట్ వంటి సంఘాల సభ్యులు దశాబ్దాలుగా కూర్చిన సిరీస్ పట్టికలు లేకుండా ఈ పని ఎవరూ చేయలేరు. వేలాది ప్లేట్లను పక్కపక్కన పెట్టి, ఏ అంకె దగ్గర అక్షరాల అచ్చు మారిందో పట్టుకున్నవి అవి. ఐతే ఒక పట్టికలోని తప్పు పది పట్టికల్లోకి ఎక్కి, పది సాక్ష్యాలున్నట్టు కనిపిస్తుంది. పట్టిక తన ఆధారాన్ని చెబితే దాన్ని నమ్మండి. చెప్పకపోతే వాడుకోండి, కాని నమ్మకం గడిలో ఒక మెట్టు తగ్గించి రాయండి.

అమ్మినవారి మాటను ఈ వరుసలో ఆఖరున పెడతాను, కాని పారవేయను. ప్లేటు ఏ ఊరి గిడ్డంగిలో, ఏ వాహనం మీద దొరికిందన్నది వారొక్కరికే తెలుస్తుంది, అడిగి రాసుకోకపోతే ఆ సంగతి అక్కడితో పోతుంది. దాన్ని "అమ్మినవారు చెప్పినది" అనే గడిలో వారి మాటల్లోనే రాసిపెట్టాలి. సంవత్సరం గడిలోకి మాత్రం రానివ్వకూడదు.

రెండు స్వతంత్ర ఆధారాలు ఒకే మాట చెబితే "ఖాయం", ఒకటే ఉంటే "బహుశా", పోలికను బట్టి మాత్రమే నిర్ణయిస్తే "ఊహ" అని మూడు మెట్లు పెట్టుకుంటే సరిపోతుంది. పది మెట్ల కొలమానాలు పెట్టుకున్నవారు కొన్ని నెలలకే వాటిని పాటించడం మానేస్తారు.

స్కానరా, కెమెరానా

చదునైన ప్లేట్లకు స్కానరు బాగుంటుంది. వెలుతురు ప్రతిసారీ ఒకేలా పడుతుంది, కొలత కచ్చితంగా వస్తుంది. కాని ఉబ్బెత్తు అక్షరాల ప్లేటు అద్దానికి పూర్తిగా ఆనదు. పలుచని, చవక స్కానర్లలో వాడే సెన్సరు అద్దానికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా మసకగా చూపుతుంది. పైగా రేకు అంచు అద్దాన్ని గీస్తుంది, ప్లేటు స్కానరు కంటే పొడవైతే రెండు ముక్కలుగా తీసి అతకాలి.

కెమెరా, లేదా మంచి ఫోను కెమెరా, దాదాపు అందరికీ ఇదే సరైన ఎంపిక. ప్లేటుకు ఎదురుగా, నిటారుగా కెమెరాను స్థిరంగా బిగించి, రెండు పక్కల నుంచి మెత్తని వెలుతురు ఇవ్వాలి. ఫ్లాష్ వాడితే ప్రతిఫలన పూత ఉన్న ప్లేటు తెల్లగా వెలిగి అక్షరాలు మాయమవుతాయి. కొలబద్ద, రంగుల పట్టీ, కేటలాగు సంఖ్య ఫొటోలోనే పడాలి. వెనుకవైపు కూడా తప్పక తీయాలి. మరో ఫొటోను ఒకే పక్క నుంచి, రేకుకు దాదాపు సమాంతరంగా వెలుతురు పడేలా తీస్తే, రంగు కింద దాగిన పాత ఉబ్బెత్తు అక్షరాలు, మళ్లీ రంగు వేసిన జాడలు బయటపడతాయి. చాలాసార్లు ప్లేటు గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఈ ఫొటోయే.

శుభ్రం చేయాలా, రంగు వేయాలా

స్థితిని అంచనా వేసే గడిలో చాలామంది "బాగుంది", "ఓ మాదిరి" అని రాసి వదిలేస్తారు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న రంగు అసలుదా, మళ్లీ వేసినదా అన్నది, దానికి వేరే గడి ఉండాలి. పాత వాహనానికి అది తయారైన సంవత్సరపు అసలు ప్లేటునే తిరిగి రిజిస్టరు చేసుకోనిచ్చే అమెరికా రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. ఆ అవసరం కోసం నైపుణ్యంగా రంగు వేసిన ప్లేట్లు మార్కెట్లో బోలెడు. అవి మోసం కావు, కాని పరిశోధనకు అసలు రంగుగా లెక్కకు రావు. డెలావేర్ రాష్ట్రంలో పాత తరహా నలుపు-తెలుపు పింగాణీ ప్లేట్లను ఇప్పటికీ చట్టబద్ధంగా కొత్తగా చేయించుకోవచ్చు. పింగాణీ పూత కనిపించగానే పాతదని రాసేయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

శుభ్రం చేయడం, తాకకుండా ఉంచడం అన్న రెండింటిలో అనుమానం వస్తే తాకకుండా ఉంచడమే ఎంచుకోండి. మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయవచ్చు. పింగాణీ పూతకు పగుళ్లు లేకపోతే తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టవచ్చు. ఉప్పుకాగితంతో గీకడం రెండు కారణాల వల్ల వద్దు: పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, రెండోది, గీకిన చోట కాలనిర్ణయానికి పనికివచ్చే పొర కూడా పోతుంది. స్టిక్కర్లను ఎట్టి పరిస్థితిలోనూ పీకవద్దు, కింద ఉన్న పాత స్టిక్కర్ల అంచులే ప్లేటు ఎన్నేళ్లు తిరిగిందో చెప్పే లెక్క.

కేటలాగును ఇతరులకు చూపించదలచుకుంటే రెండు ప్రతులు ఉంచుకోవడం మంచిది. ఒకటి మీ కోసం, దానిలో కొన్న ధర, అమ్మినవారి పేరు, రిజిస్టర్లలో దొరికిన యజమానుల పేర్లు ఉంటాయి. రెండోది అందరికీ, దానిలో అవి ఉండవు. ఇటీవలి కాలపు నంబరు ఇంకా ఏదో వాహనం మీద నడుస్తూ ఉండవచ్చు కాబట్టి అలాంటివాటిలో చివరి అంకెలను దాచాలి. వాడుక నుంచి తీసేసిన ప్లేటును తిరిగి అప్పగించాలనే నియమం ఉన్న ప్రాంతాలు కొన్ని, ప్లేటు మీది అధికార ముద్రను చెరిపేసి యజమానికే వదిలేసే జర్మనీ వంటి దేశాలు మరికొన్ని. ఏ ప్లేటు ఏ దారిలో చట్టబద్ధంగా చేతికి వచ్చిందన్నది మొదటి ప్రతిలో రాసి ఉంచుకుంటే, అది మరొకరికి చేరే రోజున దానితోపాటు ఆ రికార్డును కూడా ఇవ్వవచ్చు.